కొడుకును వదిలేస్తేనే తల్లికి చోటా?

సంపాదకులకు నమస్కారం.

చలికాలం వస్తే రైల్వే స్టేషన్ల దగ్గర, పెద్దాసుపత్రుల గేట్ల ముందు పడుకునేవాళ్ల గురించి పేపర్లో వార్తలు వస్తాయి. దుప్పట్లు పంచుతున్న ఫొటోలూ వస్తాయి. పిల్లలతో రోడ్డున పడ్డ ఒంటరి తల్లి మాత్రం ఆ ఫొటోల్లో ఉండదు. ఆమె ఎవరి కంటా పడకుండా ఉండాలనే చూసుకుంటుంది.

నేను సికింద్రాబాద్‌లో ప్రభుత్వ బడి టీచర్‌గా చేసి రిటైరయ్యాను. కొన్నేళ్ల కిందట మా ఐదో తరగతి అబ్బాయి ఒకడు రోజూ గేటు తీయకముందే వచ్చి బయట కూర్చునేవాడు. బ్యాగులో పుస్తకాల కింద మడిచిన బట్టల జత ఉండేది. అడగ్గా అడగ్గా చెప్పాడు: "స్టేషన్లో పడుకుంటున్నాం టీచర్. ఎవరికీ చెప్పొద్దంది అమ్మ." తండ్రి వదిలేసి పోయాడు. అద్దె బాకీ పడితే ఓనరు సామాను బయట పెట్టించాడు. తల్లి మూడిళ్లలో పని చేస్తోంది. రాత్రి గోడకు ఆనుకుని కూర్చుని, చిన్నపాప చేతికి తన కొంగు ముడేసుకుని కునుకు తీసేదట. గది కోసం వెళ్తే ఎక్కడైనా మొదటి ప్రశ్న "మీ ఆయన ఏం చేస్తాడు?" లేడు అనగానే గది ఖాళీ లేదనేవాళ్లు.

నేనే వాళ్లను ఒక మహిళా వసతి గృహానికి తీసుకెళ్లాను. అక్కడి మేడమ్ మర్యాదగానే మాట్లాడారు. తల్లికి, పాపకు చోటుంది. బాబుకు పదేళ్లు కాబట్టి కుదరదు, బాలల గృహానికి పంపిస్తామన్నారు. వాడి చేతిలో అప్పటిదాకా ఒక పాలిథీన్ కవరు ఉంది. అందులో ఆధార్ కార్డులు, బర్త్ సర్టిఫికెట్లు. ఆ మాట వినగానే కవరు చెల్లెలి చేతిలో పెట్టేశాడు. తల్లి లేచి నిలబడింది. ఆ రాత్రి ముగ్గురూ మళ్లీ స్టేషన్‌కే వెళ్లారు.

ఆ మేడమ్‌ను తప్పుపట్టను. 8 ఏళ్లు దాటిన మగపిల్లలను తల్లితో ఉంచకూడదని స్వాధార్ గృహ్ (ఆసరా లేని ఆడవాళ్ల వసతి గృహాల కోసం కేంద్రం పెట్టిన పథకం) మార్గదర్శకాల్లోనే రాశారు. ఇప్పుడు పేరు శక్తి సదన్‌గా మారినా వయసు పరిమితి అనేది పోలేదు. ఆడవాళ్లు మాత్రమే ఉండే చోట ఎదిగే మగపిల్లలుంటే ఇబ్బందే, ఒప్పుకుంటాను. అందుకే కుటుంబాలకు విడిగా షెల్టర్లు కావాలంటున్నాను. ఇది కొత్త కోరిక కాదు. పట్టణ నిరాశ్రయుల కోసం కేంద్రం తెచ్చిన పథకంలోనే పురుషులకు, స్త్రీలకు షెల్టర్లతో పాటు కుటుంబాలకు కూడా విడిగా, చాటు ఉండేలా కట్టాలని ఉంది. లక్ష జనాభాకు ఒక షెల్టర్ ఉండాలని, అది ఏడాది పొడవునా 24 గంటలూ నడవాలని సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది. 2011 జనాభా లెక్కలు చూసినా హైదరాబాద్‌లో 60కి పైగా ఉండాలి. మనం ఆ దరిదాపుల్లో కూడా లేము.

ఆ తల్లి అదృష్టం, నెల తర్వాత ఒక స్వచ్ఛంద సంస్థ నడిపే కుటుంబ షెల్టర్‌లో చోటు దొరికింది. నేను వెళ్లి చూశాను. పెద్ద హాల్లో ప్లైవుడ్ అడ్డం పెట్టి చేసిన చిన్న గది. లోపలి నుంచి గడియ ఉంది. తాళం వేసుకునే ఇనప పెట్టె ఇచ్చారు. కవరు అందులోకి చేరింది. మొదటి రోజు తెల్లవారి ఏడు దాకా నిద్రపోయి పనికి లేటయ్యానని ఆమె చెప్తుంటే నాకు కళ్లు చెమర్చాయి. ఆమె ఐదింటికి పనికి వెళ్తే అంగన్‌వాడీ తెరిచేదాకా పాపను అక్కడి ఆయమ్మ చూసుకునేది. షెల్టర్ అడ్రస్ మీద బ్యాంకు ఖాతా తెరిచారు, ఒంటరి మహిళ పింఛనుకు దరఖాస్తు పెట్టించారు. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారని కూడా ఆమెకు అక్కడే తెలిసింది. మనోవర్తి కేసు వేసింది. పదకొండు నెలలకు అడ్వాన్సు డబ్బు కూడబెట్టుకుని ఒక గదికి మారింది.

ఆ పదకొండు నెలలు ముఖ్యం. హింసకు గురైన ఆడవాళ్లకు సాయం చేసే ప్రభుత్వ సఖి కేంద్రంలో తాత్కాలిక వసతి ఐదు రోజులే. ఐదు రోజుల్లో ఒక పాచిపని చేసుకునే మనిషికి అడ్వాన్సు ఎక్కణ్నుంచి వస్తుంది? తెలంగాణలో ఒంటరి మహిళకు ఇచ్చే 2,016 రూపాయల పింఛను పెద్ద ఆసరా, కాదనను. కానీ అది చేతికొచ్చేదాకా ఉండటానికి చోటు కావాలి కదా.

కార్పొరేషన్ వచ్చే బడ్జెట్‌లో జోన్‌కు ఒక్క కుటుంబ షెల్టర్‌కైనా డబ్బు కేటాయించాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. కొత్త భవనాలు లేచేదాకా ఆగక్కర్లేదు. పెళ్లిళ్లు లేనప్పుడు తాళం వేసి ఉండే కమ్యూనిటీ హాళ్లు మన బస్తీల్లో ఎన్ని లేవు? ఒకటి రెండు ఎంచుకుని ప్లైవుడ్ అడ్డాలు పెట్టి, గడియలు బిగించి, రాత్రీ పగలూ ఒక ఆయమ్మను పెడితే చాలు. నేను చూసిన గది కూడా అలాంటిదే.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు, సికింద్రాబాద్