మూతి వంకర పోయినవారికి ముందుగా చెప్పవలసినవి

సంపాదకులకు,

పుక్కిలించిన నీళ్లు ఒక పక్క నుంచి కారిపోయి, కుడి కన్ను మూతపడకపోయేసరికి మా అత్తయ్యకు గాలి సోకిందని ఇంట్లోవాళ్లు పసరు మందుకు పరుగెత్తారు. ఆమెకు వచ్చింది ముఖ నరం వాపుతో కలిగే బెల్స్ పాల్సీ. 72 గంటల్లోగా స్టెరాయిడ్ మాత్రలు మొదలుపెడితే కోలుకునే అవకాశం పెరుగుతుందనీ, మూతపడని కంటిని పగలు చుక్కల మందుతో, రాత్రి టేపుతో కాపాడుకోవాలనీ మాకు ముందుగా చెప్పినవారు లేరు. మూతి వంకరతోపాటు చేయి చచ్చుబడినా, మాట తడబడినా మెదడు పక్షవాతం కావచ్చు కనుక క్షణం ఆలస్యం చేయక 108కు ఫోన్ చేయాలి. అద్దం చూడటానికే జంకి, గుడికి కూడా వెళ్లడం మానేసిన ఆమెకు, ఎక్కువమందికి కొన్ని వారాల్లో, నెలల్లో నయమవుతుందన్న ఒక్క మాట ఎంత ధైర్యమిచ్చేదో! కోనసీమ లంక గ్రామాల ఆశా కార్యకర్తలకు ఈ వివరాలు నేర్పించి, కోలుకున్నవారితో కొత్త రోగులను మాట్లాడించే ఏర్పాటు చేయాలని వైద్యాధికారులను కోరుతున్నాను.

— ఒక పాఠకురాలు, రాజోలు