బొమ్మకు వీపు చూపి నిలబడుతున్నాం: సాంస్కృతిక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారాలు. పిల్లలకు బొమ్మలు గీయడం నేర్పే ఉపాధ్యాయురాలిని నేను. ఏటా నా విద్యార్థులను మ్యూజియానికి తీసుకెళ్తాను. ఈసారి ఒక పెద్ద తైలవర్ణ చిత్రం ముందు 14 ఏళ్ల అమ్మాయి ఆగింది. ఆగి, బొమ్మకు వీపు చూపి నిలబడింది. ఫోను ఎత్తి మూడు ఫోటోలు తీసుకుని పక్క గదికి వెళ్లిపోయింది. తిరిగి వచ్చేటప్పుడు ఆ చిత్రంలో ఏం చూశావని అడిగితే, జవాబు చెప్పకుండా ఫోను తెరిచింది. ఫోటోలో సగం బొమ్మ ఆమె జుట్టు వెనకే ఉండిపోయింది. ఆ పిల్ల శ్రద్ధగలది, చక్కగా గీస్తుంది. తప్పు ఆమెదని నేను అనుకోవడం లేదు. అందుకే ఈ ఉత్తరం ఆమె తల్లిదండ్రులకు కాక మీకు రాస్తున్నాను.

పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో మోనాలిసా చిత్రం ఎత్తు 77 సెంటీమీటర్లు, వెడల్పు 53 సెంటీమీటర్లు. అదే గదిలో దానికి ఎదురుగోడ మీద, ఇటలీ చిత్రకారుడు వెరొనీసే 1563లో పూర్తిచేసిన, బైబిల్ కథలోని కానా పెళ్లి విందు చిత్రం ఉంది. దాదాపు 10 మీటర్ల వెడల్పు. వాద్యకారులు, వడ్డించేవాళ్లు, కుక్కలు, నూరుమందికి పైగా జనం. గదిలోని గుంపంతా ఆ పెళ్లివారికి వీపు తిప్పి, అప్పటికే వేలసార్లు తెర మీద చూసిన ముఖాన్ని మరోసారి తెర మీదకు ఎక్కించుకోవడానికి తోసుకుంటుంది. ఏది చూడాలో ఇంటి దగ్గరే నిర్ణయమైపోతోంది. దారిలో కనబడి మనసు దోచే బొమ్మకు ఇక అవకాశమే లేదు.

జనం కొన్ని క్షణాలే చూడటం ఫోను తెచ్చిన జబ్బు కాదని ఒప్పుకుంటాను. న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో జరిగి 2001లో వెలువడిన అధ్యయనంలో ఒక్కో కళాఖండం ముందు సందర్శకులు గడిపింది సగటున 27 సెకన్లు. ఆ పరిశోధకులే తర్వాత షికాగోలో మళ్లీ కొలిచారు. 2017లో వెలువడిన ఫలితాల్లో అది సుమారు 28 సెకన్లు. మారింది మరొకటి: ఈసారి దాదాపు 35 శాతం మంది కళాఖండంతో కలిపి తమ ఫోటో తీసుకున్నారు. అంటే ఆ కాస్త సమయంలోనే కొంత భాగం బొమ్మ నుంచి మన ముఖానికి మళ్లింది. నన్ను బాధపెట్టేది ఇదే.

మ్యూజియాలు కూడా ఈ ప్రవాహానికి ఎదురు నిలవడం లేదు. 2017లో వాషింగ్టన్‌లోని హిర్ష్‌హార్న్ మ్యూజియంలో జపాన్ కళాకారిణి యాయోయి కుసామా అద్దాల గదులు, ప్రతిబింబాలు అంతులేకుండా కనిపించే గదులు, ప్రదర్శించినప్పుడు, ఒక్కో గదిలో అరనిమిషానికి మించి ఉండనివ్వలేదు. తన ఉనికి అనంతంలో కరిగిపోవాలన్నది ఆ కళాకారిణి జీవితకాలపు తపన. ఆ అరనిమిషంలో ఎవరు కరిగిపోగలరు? ఫోటో తీసుకోవడానికి మాత్రం సరిపోతుంది.

ఫోన్లు నిషేధించమని నేను అడగడం లేదు. 2020లో ఇళ్లలో బందీలమైనప్పుడు, అమెరికాలోని గెట్టి మ్యూజియం పిలుపు మేరకు జనం దుప్పట్లతో, వంటపాత్రలతో ప్రసిద్ధ చిత్రాలను ఇంట్లోనే అనుకరించి ఫోటోలు పంచుకున్నారు. నేను వాటిని ఎంత సంతోషంగా చూశానో చెప్పలేను. దుప్పటి మడత సరిగ్గా రావాలంటే చిత్రంలోని మడతను పదిసార్లు చూడాలి కదా! మనస్తత్వ శాస్త్రవేత్త లిండా హెంకెల్ 2014లో ప్రచురించిన ప్రయోగాలు చెప్పేదీ ఇటువంటిదే. మ్యూజియంలో ఫోటో తీసిన వస్తువులు, కేవలం చూసిన వాటికంటే తక్కువగా గుర్తున్నాయి. కానీ వస్తువులోని ఒక్క భాగాన్ని దగ్గరగా తీసినవారికి ఆ నష్టం జరగలేదు. చూపు ఆగితే చాలు, చేతిలో ఏమున్నా ఫరవాలేదు.

అయ్యా, ఆ చూపు ఆగే ఏర్పాట్లు మీ చేతిలో ఉన్నాయి. మ్యూజియాలకు నిధులు ఇచ్చేటప్పుడు టికెట్ల సంఖ్యను, సామాజిక మాధ్యమాల్లో అనుచరుల సంఖ్యను చూసి మెచ్చుకుంటే, ప్రతి నిర్వాహకుడూ ఫోటోకు పనికొచ్చే గోడలే కట్టిస్తాడు. మీరు వేరే ప్రశ్నలు అడగండి. ఎన్ని గదుల్లో కూర్చునే చోటు ఉంది? బొమ్మ గురించి పదేళ్ల పిల్లకు అర్థమయ్యేలా రాసిన పలక ఉందా? పిల్లలు కాగితం, పెన్సిల్ పట్టుకుని నేల మీద కూర్చుంటే కాపలాదారు లేపేస్తున్నాడా? ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్‌మ్యూజియం 2015లో, ఫోటోలు పక్కనపెట్టి గీయమని సందర్శకులను ఆహ్వానించి, పుస్తకాలు, పెన్సిళ్లు చేతికిచ్చింది. అందుకు పెద్ద బడ్జెట్ ఏమీ అక్కరలేదు.

వచ్చే నెల ఆ అమ్మాయిని మళ్లీ అదే చిత్రం దగ్గరకు తీసుకెళ్తున్నాను. ఫోను తెచ్చుకోమనే చెప్పాను. ముందు పది నిమిషాలు బొమ్మను చూడాలి, తర్వాత తనకు నచ్చిన ఒక్క చోటును, చేతివేలైనా సరే, దీపం వెలుగైనా సరే, ఒకే ఒక్క ఫోటో తీయాలి. ఇదీ మా ఒప్పందం. ఆ గదిలో కూర్చోవడానికి బల్ల లేదు. మిగతావన్నీ నెమ్మదిగా ఆలోచించవచ్చు, ముందు ఆ బల్ల వేయించండి.

ఇట్లు,
ఒక చిత్రలేఖన ఉపాధ్యాయురాలు