2025-26 వార్షిక నివేదిక: వ్యాపారులు, ఇంజినీర్ల మధ్య మాట కలిపే పని

గౌరవ సభ్యులకు నమస్కారం.

గత సర్వసభ్య సమావేశంలో మీరు మాకు ఒక్క పని అప్పగించారు. కర్నూలు వ్యాపారులకూ, వాళ్లకు సాఫ్ట్‌వేర్ రాసిచ్చే మన ఇంజినీర్లకూ మాట కలిసేలా చూడమన్నారు. ఏడాదంతా ఆ పని మీదే ఉన్నాం.

అందరికీ ఎక్కువగా ఉపయోగపడింది ఉల్లి కమీషన్ వ్యాపారి ఒకరు సభకు తెచ్చిన సమస్య. ఆయన బిల్లింగ్ ప్రోగ్రాములో లాటుకు, అంటే ఒకేసారి వేలం వేసే సరుకు రాశికి, ఒకే కొనుగోలుదారు. మార్కెట్ యార్డులో మాత్రం ఒక్కోసారి ఇద్దరు కలిసి ఒక లాటు తీసుకుంటారు. రెండో పేరుకు గడి పెట్టడానికి వారాలు పడుతుందా అని ఆయన కోపం. డేటాబేస్ మొత్తం మార్చాలని ఇంజినీర్ సమాధానం. చివరికి తక్‌పట్టీ (తూకం, ధర, కోతలు రాసి రైతుకు ఇచ్చే చీటీ) ఒకటి బల్ల మీద పెట్టి, ఇద్దరు కొంటే ఏ అంకె ఎలా మారుతుందో వ్యాపారి చేతనే రాయించాం. తూకం రెండుగా విడిపోయింది. హమాలీ, కమీషన్ వేరువేరుగా కట్టాల్సి వచ్చింది. ఒకరు డబ్బిచ్చి, మరొకరు బాకీ పెడితే రైతుకు ఏమని చూపాలి? అక్కడ ఆయనే కలం ఆపి, ముందు తూకం, బిల్లు సరిచేయండి, బాకీల సంగతి తర్వాత చూద్దాం అన్నారు. అన్నాళ్లూ ఇంజినీర్ ఎదురుచూసింది ఆ నిర్ణయం కోసమే.

తొందరలో రాసి వదిలేసిన కోడును 1992లో వార్డ్ కన్నింగ్‌హామ్ అనే అమెరికన్ ప్రోగ్రామర్ అప్పుతో పోల్చారు. వెంటనే తీర్చకపోతే వడ్డీ పెరుగుతూ పోతుంది. మన వ్యాపారులకు ఇది విడమరచి చెప్పనక్కర్లేకపోయింది. గత సెప్టెంబరు 22న జీఎస్టీ రేట్లు మారినప్పుడు మందుల దుకాణాలవాళ్లు ఆ వడ్డీని కళ్లారా చూశారు. పన్ను రేట్లన్నీ ఒకే పట్టికలో ఉన్న ప్రోగ్రాముల్లో 12 శాతాన్ని 5 చేస్తే సరిపోయింది. రేటును కోడులో అక్కడక్కడా నేరుగా రాసేసిన చోట ఒక్కొక్కటీ వెతికి మార్చాల్సి వచ్చింది. ఇంజినీర్ సభ్యులకు నా గట్టి మనవి ఇది: కోడు బాగాలేదని యజమానితో అనకండి, దానివల్ల ఎన్ని రోజుల పని పోతోందో లెక్క చూపండి. లెక్క చూశాక కాదన్న యజమానిని నేను ఇంతవరకు చూడలేదు.

సాఫ్ట్‌వేర్‌ను కొంచెం కొంచెంగా రాసి, చూపించి, సరిదిద్దుకుంటూ పోయే పద్ధతిని ఎజైల్ అంటారు. 2001లో 17 మంది నిపుణులు ప్రకటించిన ఎజైల్ సూత్రాల్లో, వ్యాపారం చూసేవారూ ప్రోగ్రాములు రాసేవారూ రోజూ కలిసి పనిచేయాలని ఉంది. మనకు అది కుదరలేదు. ఇంజినీర్ సభ్యుల్లో చాలామంది 44వ నంబరు జాతీయ రహదారి మీద ఇటు హైదరాబాదులోనో అటు బెంగళూరులోనో ఉన్నారు. అందుకే సభలన్నీ పండుగ సెలవుల్లోనే పెట్టాం. ఆసుపత్రుల యాజమాన్యాలతో తలపెట్టిన సభ మాత్రం జరగలేదు.

జమాఖర్చుల పట్టిక విడిగా అందుతుంది. చందాల్లో ఎక్కువ భాగం హాలు అద్దెకే పోయింది.

వచ్చే ఏడాది తొలి సభ ఆదోనిలో, యార్డుకు పత్తి వచ్చే కాలంలో. ఇంజినీర్లు ముందు వేలం, తూకం, చెల్లింపు దగ్గరుండి చూడాలనీ, ఆ తర్వాతే కంప్యూటర్ తెరవాలనీ కార్యవర్గం తీర్మానించింది. రాదలచినవారు దసరాలోపు పేర్లు ఇవ్వగలరు.

కార్యదర్శి