ఎండ పడితే రాడార్ కనపడట్లేదు మంత్రి గారూ

మత్స్యశాఖ మంత్రి గారికి విశాఖ తీరం నుంచి ఒక బోటు సరంగు నమస్కారాలు.

అయ్యా, ఆఫీసులో మూడు అర్జీలు ఇచ్చాను, ఒక్కదానికీ జవాబు లేదు, అందుకే ఇలా అందరూ చూసేట్టు రాస్తున్నా. సబ్సిడీ మీద బోటుకి పెట్టించిన రాడార్ రాత్రిపూట బాగానే ఉంటుంది, కాదనను. తెల్లారితే ఆ స్క్రీన్‌లో నా మొహం తప్ప ఏం కనపడదు.

వేట ముగించి పొద్దున్నే హార్బర్‌కి తిరిగొస్తుంటే సూర్యుడు మా వెనకుంటాడు, కేబిన్ వెనక తలుపులోంచి ఎండ సూటిగా స్క్రీన్ మీదే పడుతుంది. పోర్టు ఓడలు, తెప్పలు అన్నీ గుమిగూడేదీ అక్కడే. ఓడంటే ఇనుము, దాని చుక్క గట్టిగా పడుతుంది, ఎలాగో కనిపెడతాం. ఫైబర్ తెప్ప సిగ్నల్ సన్నగా మిణుకుమంటుంది, ఎండకి ముందు మాయమయ్యేది అదే. గెయిన్, అంటే సన్నని సిగ్నల్‌ని పెద్దది చేసే సెట్టింగు, పెంచమన్నారు, పెంచితే కెరటాల చుక్కలు స్క్రీనంతా నిండిపోతాయి, అందులో తెప్పని ఎలా వెతకాలండీ? బ్రైట్‌నెస్ ఫుల్లులోనే ఉంది. ఓడల్లో పనిచేసే మా మేనల్లుడు చూసి, స్క్రీన్ వెలుగుని నిట్స్‌లో కొలుస్తారు, ఇది గదిలో లాప్‌టాప్‌కి సరిపోయే 300 నిట్స్ స్క్రీన్ మావయ్యా, ఎండలో అయితే 1000 దాకా ఉండాలన్నాడు. ఏ వెలుగులోనైనా చదవగలిగేట్టు ఉండాలని ఓడల స్క్రీన్లకి 2004లోనే అంతర్జాతీయ రూల్ పెట్టారంట. మరి మా ప్రాణాలకి?

ఇప్పుడు నల్ల దుప్పటి కప్పుకుని అందులో తల దూర్చి చూస్తున్నా. పాత రాడార్లకి స్క్రీన్ మీద వెలుగు పడకుండా రబ్బరు ముసుగు ఉండేది, నాకూ తెలుసు, కానీ ఓడలో ఒకరు అందులో చూస్తుంటే ఇంకొకరు బయట చూస్తారు, నా కేబిన్‌లో నేనొక్కణ్ణే, కలాసీలంతా వల దగ్గరుంటారు. దుప్పటి తీసాక కళ్ళు వెలుగుకి అలవాటుపడేదాకా ఎదర ఏముందో తెలీదు. ఏప్రిల్‌లో వేట నిషేధానికి ముందు అలాగే తల తీసేసరికి ఎదురుగా తెప్ప, ఇద్దరు చేతులూపుతూ అరుస్తున్నారు. చుక్కాని తిప్పేసాను, వెంట్రుకవాసిలో తప్పింది. వాళ్ళలో చిన్నోడికి మా అబ్బాయి వయసుంటుంది. ఆ రోజు అన్నం సహించలేదు నాకు.

జూన్ 14తో నిషేధం అయిపోతుంది, మళ్ళీ అదే స్క్రీన్‌తో వెళ్ళాలి. దయచేసి ఇవి మార్పించండి, ఇకమీదట ఏది కొన్నా ఎండలో ఆన్ చేసి చూసాకే కొనండి. ఏసీ గదిలో చూసి సంతకం పెట్టొద్దని మీవాళ్ళకి చెప్పండయ్యా. నమ్మకపోతే ఒక్క రోజు పొద్దున ఎనిమిదింటికి నా బోటెక్కండి, కేబిన్‌లో నిలబడి స్క్రీన్ చూసి ముందర ఎన్ని తెప్పలున్నాయో మీరే చెప్పండి.