మాయన్ నవలకు ముందుగా డబ్బు కట్టిన పాఠకులకు: ఆలస్యం, ధర, పుస్తకంలో ఉన్నవీ లేనివీ

మా చిన్న ప్రచురణ సంస్థ తీసుకురాబోతున్న, మెక్సికో, గ్వాటెమాలా ప్రాంతాల మూలవాసులైన మాయన్ల గురించిన నవల కోసం ముందుగానే డబ్బు కట్టిన పాఠకులందరికీ నమస్కారం. డిసెంబరులో హైదరాబాద్ పుస్తక ప్రదర్శన నాటికి ఇస్తామన్న ఈ పుస్తకం జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవం నాటికి గానీ సిద్ధం కాదు. ధర 350 రూపాయల నుంచి 425 రూపాయలకు పెరిగింది. ముందే కట్టినవారు మాత్రం అదనంగా ఒక్క రూపాయి కూడా ఇవ్వనక్కరలేదు. ఇంతటితో ఈ ఉత్తరం ముగించవచ్చు గానీ, ఈ మధ్య మీ నుంచి వస్తున్న ప్రశ్నలు చూస్తుంటే, మీలో కొందరు మనసులో ఒక పుస్తకాన్ని ఊహించుకొని మరో పుస్తకానికి డబ్బు కట్టారేమోనని అనిపిస్తోంది. చేతికి వచ్చాక నొచ్చుకోవడం కంటే ఇప్పుడే తెలుసుకోవడం మీకూ మాకూ మంచిది.

2012లో వస్తుందని ప్రచారమైన యుగాంతం ఇందులో లేదు. 2012 డిసెంబరు 21న మాయన్ల ‘దీర్ఘ గణన’ అనే క్యాలెండర్‌లో పదమూడో బక్తూన్ అనే కాలఖండం పూర్తయిందన్నది నిజమే. ఒక్కో బక్తూన్‌కు 1,44,000 రోజులు, అంటే సుమారు 394 ఏళ్లు. ఆ రోజుతో లోకం ముగిసిపోతుందని మాయన్ శాసనాలేవీ చెప్పలేదు సరికదా, మాయన్ నగరం పాలెంకేను ఏలిన పకాల్ రాజు పట్టాభిషేకాన్ని ప్రస్తావించే శాసనం క్రీ.శ. 4772 దాకా లెక్క కట్టుకుంటూ పోతుంది. మాయన్లు మయుడి సంతతి అన్న వాదన కూడా ఈ నవలలో కనిపించదు, ఎందుకంటే దానికి ఆధారం లేదు. ముఖచిత్రం మీద ఆ ప్రసిద్ధమైన గుండ్రటి రాతి క్యాలెండర్ ఎందుకు వేయలేదని చాలామంది అడిగారు. అది 1790లో మెక్సికో నగరం నడిబొడ్డున బయటపడిన, మరో జాతివారైన అజ్టెక్‌ల సూర్యశిల, మాయన్లది కాదు. అది వేస్తే నాలుగు ప్రతులు ఎక్కువ అమ్ముడవుతాయని మా పంపిణీదారు చెప్పిన మాటను నేను కాదనను, అయినా వేయదలచుకోలేదు.

ఇక ఉన్నదాని గురించి. కథ గ్వాటెమాలా పశ్చిమ కొండల్లో, మాయన్ భాషల్లో ఒకటైన కిచే మాట్లాడే ఒక కుటుంబంలో జరుగుతుంది. తండ్రి అహ్‌కీహ్, అంటే 260 రోజుల పవిత్ర గణనను నోటిలెక్కగా కాపాడుతూ, మన పంచాంగ సిద్ధాంతిలా ఏ రోజు దేనికి తగినదో ఊరికి చెప్పేవాడు. పదమూడు అంకెలు, ఇరవై రోజుల పేర్లు ఒకదానితో ఒకటి జతపడుతూ సాగే ఆ గణన స్పానిష్ ఆక్రమణ తరువాత కూడా అక్కడ తెగిపోలేదు. ఈనాటికీ మొమోస్తెనాంగో వంటి ఊళ్లలో ‘వహ్‌షకీబ్ బాట్స్’ అనే రోజున కోపల్ అనే చెట్టు బంకతో ధూపం వేసి, కొవ్వొత్తులు వెలిగించి, కొత్త అహ్‌కీహ్‌లకు దీక్ష ఇస్తారు. నవలలో 1982లో, గ్వాటెమాలా అంతర్యుద్ధం సాగుతున్న రోజుల్లో, సైన్యం ఆ తండ్రిని పట్టుకుపోతుంది. అప్పట్లో పల్లెల్లోని మగవాళ్లను బలవంతంగా పౌర గస్తీ దళాల్లో చేర్చుకునేవారు. పెద్దకొడుకు అలా చేరినవాడే. తండ్రిని తీసుకుపోయిన రాత్రి కాపలాలో ఉండి కూడా నోరు మెదపలేదు. ఆ తరువాత ఊరు విడిచి అమెరికా చేరి, ముసలితనం ముంచుకొస్తున్న వేళ, తండ్రి ఎముకలు దొరికి ఉండవచ్చన్న కబురు అంది తిరిగి వస్తాడు.

ఇందులో అతీంద్రియమైనదంతా పొపోల్ వూహ్ అనే కిచే పురాణం నుంచి వచ్చింది. పదహారో శతాబ్దం మధ్యలో కిచే పెద్దలు తమ కథలను లాటిన్ లిపిలో రాసిపెట్టగా, 1700 ప్రాంతంలో చిచికాస్తెనాంగో అనే ఊళ్లో ఫ్రాన్సిస్కో హిమేనెస్ అనే క్రైస్తవ సన్యాసి దానికి నకలు తీసి స్పానిష్‌లోకి అనువదించాడు. ఆ నకలే నేడు షికాగోలోని న్యూబెరీ గ్రంథాలయంలో ఉంది. ఆ పురాణంలో హునాహ్పు, ష్బలాంకే అనే కవలలు తమ తండ్రిని చంపిన పాతాళలోకం షిబాల్బాకు దిగి, చీకటి ఇల్లు, చలి ఇల్లు, జాగ్వార్ల ఇల్లు, గబ్బిలాల ఇల్లు వంటి పరీక్షలు దాటి, అక్కడి ప్రభువులను ఓడిస్తారు. మనకు అలవాటైన కథనం ప్రకారం గెలుపుతో అంతా చక్కబడాలి, కానీ అక్కడ అలా జరగదు. కవలలు తండ్రిని తిరిగి బతికించబోయి, ముఖంలోని భాగాలకు పేర్లు చెప్పమంటారు. ఆయన నోరు, ముక్కు, కళ్లు అన్నంత వరకే చెప్పగలిగి, ఆపైన చెప్పలేకపోతాడు. నిన్ను జనం మరచిపోరని ఓదార్చి, ఆయనను అక్కడే వదిలి కొడుకులు పైకి వస్తారు. మన రచయిత్రి ఈ ఘట్టాన్ని ఎముకల గుర్తింపు గది బల్ల మీదికి తెచ్చారు. గ్వాటెమాలాలో సామూహిక ఖననాలను తవ్వి, ఎముకలను మనుషులుగా తిరిగి కూర్చే పని 1990ల నుంచి నిజంగానే జరుగుతోంది. అటువంటి బల్ల ముందు నిలబడ్డ కొడుకును ఆ రాత్రి షిబాల్బా ప్రభువులు పరీక్షకు పిలుస్తారు. అక్కడ తండ్రి ముఖంలో ఏమేమి ఉండేవో చెప్పవలసినవాడు కొడుకు. అతనికి గుర్తున్నది మరీ తక్కువ.

నాకు మాత్రం అంతకంటే నచ్చినది నాయనమ్మ పాత్ర. పొపోల్ వూహ్‌లో ఈర్ష్యతో దుష్టులైన సవతి అన్నలను కవలలు కోతులుగా మార్చేస్తారు. నవ్వకుండా చూడగలిగితే వాళ్లు తిరిగి మనుషులవుతారని నాయనమ్మ ష్ముకానేకు చెప్పి, పిల్లనగ్రోవి ఊది వాళ్లను పిలుస్తారు. వాళ్లు గంతులు వేస్తూ వచ్చిన ప్రతిసారీ ఆమెకు నవ్వు ఆగదు, వాళ్లు సిగ్గుపడి పారిపోతారు, చివరికి రానే రారు. పగతో కాదు, కేవలం నవ్వు ఆపుకోలేక మనవలను పోగొట్టుకున్న ముసలామెను నేను మరే పురాణంలోనూ చూడలేదు. నవలలోని నాయనమ్మ కూడా తన ఒక్క నవ్వు గురించి జీవితమంతా కుమిలిపోతుంది. ఎందుకు నవ్విందో ఇక్కడ చెప్పను.

ఇరవై రోజుల పేర్లే ఇరవై అధ్యాయాలు. పూర్వీకులను క్షమాపణ వేడుకునే ‘అహ్‌మాక్’ రోజు, బాకీ చెల్లించే ‘తోహ్’ రోజు కథకు మూలస్తంభాలు. నడిమి అధ్యాయాలు నెమ్మదిగా సాగుతాయి. కొంత తగ్గించమని నేను అడిగాను, రచయిత్రి ఒప్పుకోలేదు, ఆమె నిర్ణయమే సరైనదని ఇప్పటికీ పూర్తిగా అనలేకపోతున్నాను. హింసను రెచ్చగొట్టేలా రాయలేదు గానీ దాచనూ లేదు. 1960 నుంచి 1996 దాకా సాగిన ఆ అంతర్యుద్ధంలో రెండు లక్షలకు పైగా మనుషులు చనిపోయారని లేదా మాయమయ్యారని, గుర్తించగలిగిన బాధితుల్లో 83 శాతం మాయన్లేనని ఐక్యరాజ్యసమితి తోడ్పాటుతో ఏర్పడిన సత్యశోధక సంఘం 1999లో తేల్చింది. పిల్లలకు బహుమతిగా ఇద్దామని తీసుకున్నవారు దయచేసి ఇంకోసారి ఆలోచించండి.

తెలుగువాళ్లకు ఈ కథతో ఏమిటి సంబంధమని ఒక పాఠకుడు కాస్త ఘాటుగానే అడిగారు. రచయిత్రి కాలిఫోర్నియాలోని ఓక్లాండ్‌లో ఉంటారు. గ్వాటెమాలా నుంచి వలస వచ్చిన మామ్ భాషీయులు, మాయన్లలోనే మరో తెగవారు, ఆ నగరంలో పెద్ద సంఖ్యలో ఉన్నారు. ఆమెకు వాళ్లతో ఏళ్ల తరబడి పరిచయం. ఇంతకు మించిన సంబంధాన్ని కల్పించి చూపించాలని ఆమెగానీ నేనుగానీ అనుకోలేదు.

ఆలస్యానికి కారణం చివర చేర్చిన వివరణలు. గ్వాటెమాలా జనాభాలో 2018 లెక్కల ప్రకారం దాదాపు 42 శాతం మాయన్లే కనుక, ఇది అంతరించిన జాతి కథ కాదు. ఈ నమ్మకాలను నేటికీ పాటిస్తున్నవారు చదివినా తలవంచుకోనక్కరలేకుండా ఉండాలని, రచయిత్రి ఆ పేజీలను తనకు తెలిసిన మాయన్ కుటుంబాల పెద్దలకు వినిపించి, వారు చెప్పిన మార్పులు చేస్తున్నారు. దానివల్ల రెండు ఫారాలు, అంటే ఒకే పెద్ద కాగితం మీద అచ్చయ్యే పేజీల కట్టలు, పెరిగాయి. మేము వేస్తున్నది ఐదు వందల ప్రతులే కాబట్టి, పెరిగిన ప్రతి ఫారం భారమూ ఒక్కో ప్రతి మీద గట్టిగానే పడుతుంది. అచ్చు పుస్తకానికి జీఎస్టీ లేదు గానీ, కాగితం మీద మేము కట్టిన పన్ను మాకు తిరిగి రాదు. పైగా 2024 డిసెంబరులో తపాలా శాఖ రిజిస్టర్డ్ బుక్ పోస్టును ఆపేసిన తరువాత ఒక్కో పుస్తకాన్ని ఇంటికి చేర్చే ఖర్చు మా వంటి చిన్న సంస్థలకు బాగా పెరిగింది. 425 రూపాయలకు అమ్మినా ఈ ముద్రణలో మాకు మిగిలేది స్వల్పమే, అది కూడా ప్రతులన్నీ అమ్ముడైతేనే.

ఇదంతా చదివాక ఈ పుస్తకం మీకు వద్దనిపిస్తే, డిసెంబరు నెలాఖరులోగా మీ ఆర్డరు సంఖ్యతో ఒక్క మాట తెలియజేయండి. కారణం అడగకుండా పూర్తి మొత్తం వారం రోజుల్లో వెనక్కి పంపుతాము. కావాలనుకున్నవారు ఏమీ చేయనక్కరలేదు. చిరునామా మారినవారు మాత్రం కొత్త చిరునామా, పిన్‌కోడ్ అదే గడువులోగా పంపితే చాలు, అచ్చు పని పూర్తయిన వెంటనే మీ ప్రతులను మొదటి విడతలోనే తపాలాలో వేస్తాము.