2024–25 వార్షిక నివేదిక: చీరల ఫొటోల బరువు తగ్గించిన సంవత్సరం

గౌరవనీయులైన అధ్యక్షులకు, కార్యవర్గ సభ్యులకు, ఈ సర్వసభ్య సమావేశానికి విచ్చేసిన పోచంపల్లి చేనేత వస్త్ర వ్యాపారులందరికీ నమస్కారం. సంఘం ఆశయాలు మీకు కొత్తవి కావు కనుక వాటిని మళ్లీ చదవకుండా, 2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి వరకు జరిగిన పనిని మాత్రమే మీ ముందు ఉంచుతున్నాను. ఈ ఏడాది మన పని దాదాపు అంతా ఒక్క సమస్య చుట్టూ సాగింది: సభ్యుల దుకాణాల వెబ్‌సైట్లు కొనేవారి ఫోన్లలో త్వరగా తెరుచుకోవడం లేదు.

గత సమావేశంలో ఈ ఫిర్యాదు వచ్చినప్పుడు కొందరు సిగ్నల్‌ను తప్పుపట్టారు, కొందరు సైటు చేసిచ్చిన కుర్రాళ్లను తిట్టారు. మే నెలలో ఒక సభ్యుని అనుమతితో ఆయన సైటు మొదటి పేజీని పరీక్షించి చూశాం. అందులో పన్నెండు చీరల ఫొటోలు ఉన్నాయి, ఒక్కొక్కటి సుమారు 4 ఎంబీ. అంటే పేజీ పూర్తిగా రావాలంటే 48 ఎంబీ దిగాలి. సెకనుకు 10 మెగాబిట్ల వేగం ఉన్న కనెక్షన్‌పై లెక్క వేసినా (ఒక ఎంబీ అంటే ఎనిమిది మెగాబిట్లు) దానికి 38 సెకన్లు పడుతుంది. పేజీలో ముందుగా కనిపించే అతిపెద్ద బొమ్మ లేదా అక్షరాల భాగం 2.5 సెకన్లలోపు వస్తేనే బాగున్నట్టు గూగుల్ లెక్కిస్తుంది. ఎల్‌సీపీ అని పిలిచే ఈ కొలమానాన్ని ఆ సంస్థ 2020లో తన ముఖ్య కొలమానాల్లో ఒకటిగా ప్రకటించింది. మన పేజీ దాని దరిదాపుల్లో కూడా లేదు.

కారణం సిగ్నల్ కాదు, ఫొటోల కొలత. ఫోన్ కెమెరా 4000 × 3000 పిక్సెళ్ల ఫొటో తీస్తుంది. కొనేవారి ఫోన్ తెర మీద పక్కపక్కన రెండేసి చీరలు చూపించే చోట 600 పిక్సెళ్ల వెడల్పు చాలు. చేతిరుమాలు పట్టే చోట బట్ట తాను మొత్తం విప్పి పరిచినట్టుగా ఉంది మన వ్యవహారం. సైట్లు తయారుచేసే వర్డ్‌ప్రెస్ సాఫ్ట్‌వేర్ వాడే సభ్యులు అది తానే కుదిస్తుంది కదా అన్నారు. నిజమే, 2019లో వచ్చిన 5.3 వెర్షన్ నుంచి 2560 పిక్సెళ్లు దాటిన ఫొటోను అది తగ్గిస్తుంది, కానీ పీఎన్‌జీ అనే రకం బొమ్మల ఫైళ్లను అలా తగ్గించదు. మన సభ్యుల్లో చాలామంది చీర ఫొటోను స్క్రీన్‌షాట్ తీసి ఆ పీఎన్‌జీనే పెట్టేస్తున్నారు. పీఎన్‌జీ లోగోలకు, గీతలకు బాగుంటుంది గాని ఫొటోలకు బరువు చేటు.

అందువల్ల ఫొటోల ఉపసంఘం ఒక పద్ధతి ఖరారు చేసింది. వరుసల్లో చూపే బొమ్మకు 600 పిక్సెళ్లు, చీర విడి పేజీకి 1200 పిక్సెళ్లు, వెబ్‌పీ ఫార్మాట్. 2010లో గూగుల్ తెచ్చిన ఈ ఫార్మాట్‌ను 2020లో ఐఫోన్ బ్రౌజరు కూడా అంగీకరించింది కనుక ఇప్పుడు దాదాపు అన్ని ఫోన్లలోనూ కనిపిస్తుంది. ఫొటోలు కుదించడానికి స్క్వూష్ అనే ఉచిత సాధనాన్ని వాడాం. అది బ్రౌజరులోనే పనిచేస్తుంది, ఫొటో బయటి సర్వరుకు వెళ్లదు; మార్కెట్లోకి ఇంకా రాని డిజైన్లున్న సభ్యులకు ఈ మాటతోనే ధైర్యం వచ్చింది. ఒక్కో ఫొటో 100 కేబీ దగ్గరకు వచ్చింది. పన్నెండు ఫొటోలకు కలిపి 1.2 ఎంబీ, అంటే పైన చెప్పిన కనెక్షన్‌పైనే ఒక్క సెకను.

అయితే ఇక్కత్ ఫొటోలను కుదించడం చొక్కాల ఫొటోలు కుదించినంత సులువు కాదని మొదటి వారంలోనే తెలిసింది. చిటికి కట్టి, అంటే అక్కడక్కడ దారంతో బిగించి, రంగు వేసిన నూలుతో నేసిన చీరలో డిజైన్ అంచు గీత గీసినట్టు ఉండదు, ఒక రంగు పక్క రంగులోకి సన్నగా పాకినట్టు ఉంటుంది. తెలిసిన కొనుగోలుదారు ఆ పాకుడును చూసే ఇది నేత, ఇది ప్రింట్ అని పోల్చుకుంటాడు. మామూలుగా కుదించినప్పుడు, ఫొటోలకు ఎక్కువగా వాడే జేపెగ్ ఫార్మాట్ గాని వెబ్‌పీ గాని వెలుగునీడలను పూర్తి వివరంగా దాచి, రంగును మాత్రం నాలుగు పిక్సెళ్లకు ఒక్కటిగా దాస్తాయి. నలుపు పక్కన ఎరుపు ఉన్న చోట ఆ ఎరుపు మసకబారి, నేతలోని అసలు పాకుడు ఏదో, కుదింపు వల్ల వచ్చిన మసక ఏదో తెలియకుండా పోతుంది. ఒక సభ్యుని తేలియా తరహా (ఇక్కత్‌లో ఒక పాత రకం) చీర ఫొటోను, కుదింపు సాధనంలోని క్వాలిటీ అంకెను 40కి దించి చూస్తే అది అచ్చంగా ప్రింట్ చీరలా కనిపించింది. ఆయన ముఖం చూసి మాకే బాధేసింది. చివరికి దూరపు ఫొటోలకు క్వాలిటీ 75 చాలని, కొంగును దగ్గరగా చూపే ఒక్క ఫొటోకు మాత్రం రంగు తగ్గించకుండా జేపెగ్ వాడాలని నిర్ణయించాం. ఆ ఒక్క ఫైలు కాస్త బరువైనా ఫర్వాలేదు, అది కొనాలనుకున్నవారే తెరిచి చూస్తారు.

రంగు విషయంలో ఇంకో దెబ్బ తిన్నాం. ఐఫోన్‌తో తీసిన ఫొటోలు డిస్‌ప్లే పీ3 అనే విస్తారమైన రంగుల పరిధిలో ఉంటాయి. కుదించేటప్పుడు ఫొటోలోని అదనపు సమాచారమంతా తీసేశాం, దాంతో రంగుల వివరం కూడా పోయింది. మిరపపండు ఎరుపు చీర సైటులో ఇటుక రంగుకు దిగింది. మొదట మామూలు తెరలన్నీ చూపించే ఎస్‌ఆర్‌జీబీ రంగుల పరిధిలోకి మార్చి, ఆ తర్వాతే మిగతా సమాచారం తీసివేయాలని అప్పుడు నేర్చుకున్నాం. తీసివేయడం మాత్రం తప్పనిసరి, ఎందుకంటే ఇంట్లో మగ్గం దగ్గర తీసిన ఫొటోలో లొకేషన్ ఆన్ చేసి ఉంటే ఆ ఇల్లు ఎక్కడుందో కూడా ఫైలులోనే ఉంటుంది.

మరో తప్పు నేరుగా ఈ కార్యదర్శిదే. కిందికి జరిపినప్పుడే ఫొటోలు దిగేలా చేసే లేజీ లోడింగ్‌ను ఉత్సాహంగా అన్ని ఫొటోలకూ పెట్టించాను. పైన మొదట కనిపించాల్సిన ఫొటో కూడా అలా ఆగి ఆగి రావడంతో పేజీ ఉన్నదానికంటే నెమ్మదిగా అనిపించింది. ఇప్పుడు మొదటి ఫొటోకు దాన్ని తీసేసి, కింది వాటికే ఉంచాం. ప్రతి ఫొటోకూ వెడల్పు, ఎత్తు ముందే రాయడం వల్ల పేజీ ఎగిరెగిరి పడడం కూడా ఆగింది.

ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోవాల్సిన రోజు ఆగస్టు 7, జాతీయ చేనేత దినోత్సవం. ఆ రోజు సభలు, దండలు తగ్గించుకొని సంఘం హాలులో రోజంతా ఫొటోల శిక్షణ నిర్వహించాం. సభ్యులు తమ ఫోన్లతో, ఒక్కో చీరతో వచ్చారు. కిటికీ పక్కన తెల్ల గుడ్డ కట్టి, ఫ్లాష్ లేకుండా ఫొటో తీయడం దగ్గర నుంచి సైటులో పెట్టడం దాకా అందరిచేత చేయించాం. మధ్యాహ్నం తర్వాత మన సంఘంలో అందరికంటే పెద్దాయన తన పాత ఫోనులో తన దుకాణం పేజీ తెరిచారు. అప్పటిదాకా ఆయన పేజీ తెరిచి ఫోను బల్ల మీద పెట్టి చాయ్ తాగి వచ్చేవారు. ఆ రోజు చీర వెంటనే కనిపించింది. ఫోను చేత్తో పట్టుకుని నా వైపు తిరిగి, "తమ్మీ, గిది మన చీరనే గదా, గింత జల్దిన ఎట్లొచ్చింది?" అని అడిగారు. ఆ తర్వాత వేళ్లతో కొంగును పెద్దది చేసి చూసి, పాకుడు కనిపిస్తోందని తృప్తిపడ్డారు. హాలులో చప్పట్లు మోగాయి.

అదే రోజు ముఖ్య అతిథిగా వచ్చిన అధికారి ఫొటోలకు కావాల్సిన లైట్లు, కెమెరా స్టాండు తమ శాఖ నుంచి ఇప్పిస్తామని వేదిక మీద చెప్పారు. మూడు వినతిపత్రాలు ఇచ్చినా ఈ నివేదిక రాసే నాటికి ఒక్క బల్బు రాలేదు. వచ్చిందల్లా ఆ సభలో తీసిన ఆయన ఫొటో, సైటు మొదటి పేజీలో పెట్టమంటూ, 9 ఎంబీ. కుదించి పెట్టాం.

ఇక మన వాళ్ల విషయం. ఫొటోల ఉపసంఘంలో పేర్లు ఇచ్చినవారు తొమ్మిది మంది, ఆదివారాలు వచ్చి కూర్చున్నవారు ముగ్గురు. మిగతా ఆరుగురికి పెళ్లిళ్లు, పనులు ఉండవచ్చు, కానీ ఆ ముగ్గురికీ దుకాణాలు, ఇళ్లు ఉన్నాయి. పైగా కొందరు ఫొటోలను వాట్సాప్‌లో మామూలుగా పంపి కుదించమన్నారు. వాట్సాప్ అప్పటికే వాటిని నలిపేసి ఉంటుంది. నలిగిన ఫొటోను మళ్లీ కుదిస్తే మిగిలేది మచ్చలే. డాక్యుమెంటుగా పంపమని గ్రూపులో ఎన్నిసార్లు రాశామో లెక్క లేదు. పండుగ ఆఫర్లను బొమ్మ మీద అక్షరాలుగా రాయించి పెట్టే అలవాటు కూడా మానాలి. ఆ మాటలను పేజీలోనే తెలుగులో టైపు చేస్తే బరువు ఉండదు, వెతికినప్పుడు దొరుకుతాయి కూడా.

జమాఖర్చుల పత్రం కోశాధికారి గారు సభలో పంచుతారు. స్క్వూష్ ఉచితం, ఖర్చంతా శిక్షణ రోజు భోజనాలకు, కుర్చీల అద్దెకు అయింది, ఆడిట్ పూర్తయింది.

ఆదివారాలు వదులుకున్న ఆ ముగ్గురు సభ్యులకు, వేసవి సెలవుల్లో వచ్చి కంప్యూటర్ల దగ్గర ఓపికగా కూర్చున్న ఇంజనీరింగు విద్యార్థులకు, శిక్షణ రోజు తమ చీరలను నిర్భయంగా అందరి చేతికీ ఇచ్చిన మహిళా సభ్యులకు, హాలుకు కరెంటు పోయినప్పుడు పక్క దుకాణం నుంచి తీగ లాగి ఇచ్చినవారికి, రోజంతా చాయ్ అందించిన అబ్బాయికి, సలహాలిచ్చిన అధ్యక్షులకు సంఘం తరఫున కృతజ్ఞతలు. ఎవరి పేరైనా మరచిపోతే మన్నించగలరు.

పాత చీరల ఫొటోలు కుదించాల్సినవి ఇంకా చాలా మిగిలాయి. వచ్చే నెల మొదటి ఆదివారం ఉదయం పది గంటలకు సంఘం హాలులో పని మళ్లీ మొదలవుతుంది. వచ్చేవారు అసలు ఫొటోలను పెన్‌డ్రైవులో గాని, తీసిన ఫోనుతో గాని తీసుకురావలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
కార్యదర్శి