మెనోర్కా ట్రిప్పులు: వచ్చే సీజన్‌లో ఏం మారుతోంది, ఎందుకు

అందరికీ నమస్కారం.

మధ్యధరా సముద్రంలోని స్పెయిన్ ద్వీపం మెనోర్కాకి మనం వేసే ట్రిప్పుల తేదీలు, వచ్చే ఏడాదివి, ఎప్పుడు చెప్తారని చాలామంది అడుగుతున్నారు. తేదీలు, ధర ఒక మెసేజ్‌లో పెట్టేయొచ్చు. కానీ ఈసారి మార్పులు ఎక్కువ. కొన్ని మీకు నచ్చకపోవచ్చు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు ఇబ్బంది పెట్టే విషయమే చెప్తాను. ఇకమీదట ఆగస్టులో ట్రిప్పులు వేయడం లేదు. ఇక్కడ బ్రిటన్‌లో బడి సెలవులు అప్పుడేనని నాకు తెలుసు. మన కస్టమర్లలో ఎక్కువమంది పిల్లలున్న వాళ్లే. కానీ ఆగస్టులో ఆ ద్వీపం వేరేగా ఉంటుంది. బీచ్‌ల దగ్గర పార్కింగ్ పొద్దున్నే నిండిపోతుంది. మకరెల్యా లాంటి పేరున్న బీచ్‌కి వేసవిలో కారు పోనివ్వరు, సియుతదెల్లా ఊరి నుంచి బస్సులో వెళ్లాలి. గదుల అద్దె కూడా ఆ నెలలోనే బాగా పెరుగుతుంది. ప్రశాంతంగా ఉంటుందని చెప్పి డబ్బు తీసుకుని, తీరా మిమ్మల్ని ఆ రద్దీలో దింపడం నాకు ఇష్టం లేదు.

పిల్లలున్న వాళ్లకి మే చివర్లో హాఫ్ టర్మ్, అంటే బడికి వారం సెలవులిచ్చే ఆ వారం, ఉంచాను. అప్పుడు సముద్రం ఇంకా చల్లగానే ఉంటుంది. పిల్లలు దిగుతారు, పెద్దవాళ్లు మోకాళ్ల దాకా వెళ్లి వెనక్కి వచ్చేస్తారు. సెలవుల గొడవ లేనివాళ్లకి సెప్టెంబర్ అన్నిటికంటే మంచిది. వేసవంతా కాగిన నీళ్లు అప్పటికి వెచ్చగా ఉంటాయి, జనం పల్చబడతారు. కాకపోతే ఏదో ఒక రోజు కుండపోత వాన పడే అవకాశం ఉంది. ఆ రోజు ఇంట్లోనే ఉండాల్సి రావచ్చు.

ఇంట్లో ఉండటం అక్కడ నష్టమేమీ కాదు. నేను మెనోర్కా ట్రిప్పులు వేయడానికి అసలు కారణం ఆ ఇళ్లే. మనం దిగేది పెద్ద బీచ్ హోటళ్లలో కాదు, పాత వ్యవసాయ క్షేత్రాలను హోటళ్లుగా మార్చిన చోట్ల. సంక్రాంతికి సున్నం వేసిన ఇంటిలా తెల్లగా మెరుస్తుంటాయి. కిటికీలకి ముదురు ఆకుపచ్చ తలుపులు, స్థానికంగా దొరికే మెత్తటి రాయితో కట్టిన మందపాటి గోడలు. మిట్టమధ్యాహ్నం కూడా లోపల చల్లగా ఉంటుంది. గేట్లు అడవి ఆలివ్ కర్రతో చేస్తారు. కర్ర వంపు ఎలా ఉంటే గేటు కూడా అలాగే వంకరగా ఉంటుంది. ఒకప్పుడు పశువుల్ని కట్టేసిన కొట్టంలో ఇప్పుడు మీరు పొద్దున కాఫీ తాగుతారు. చాలా చోట్ల ఆవులు ఇంకా ఉన్నాయి, చుట్టుపక్కల పొలాల్లో గడ్డి కోత నడుస్తూనే ఉంటుంది. గదులు తక్కువ, అన్నిట్లోనూ లిఫ్ట్ ఉండదు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు వస్తుంటే ముందే చెప్పండి, కింది గది అడుగుతాను.

ఆ పొలాల మధ్య ఎటు చూసినా సిమెంటు, సున్నం ఏమీ లేకుండా ఒట్టి రాళ్లు పేర్చిన గోడలే. నేలలోంచి ఏరిన రాళ్లతోనే కట్టారు. పశువులు పక్క చేలోకి పోకుండా ఆపుతాయి, ఉత్తరం నుంచి కొట్టే త్రమూంతానా గాలిని కొంత అడ్డుకుంటాయి. ఇలా ఒట్టి రాళ్లతో గోడ కట్టే విద్యని 2018లో యునెస్కో స్పెయిన్‌తో పాటు మరికొన్ని దేశాల పేరున వారసత్వంగా గుర్తించింది. ఆ గోడల మధ్య దారులు ఇరుకు. ఎదురుగా ట్రాక్టర్ వస్తే ఎవరో ఒకరు వెనక్కి వెళ్లాలి. కొత్తగా డ్రైవింగ్ నేర్చుకున్న వాళ్లు ఈ ఒక్క విషయం ఆలోచించుకోండి. ఆటోమేటిక్ కారు కావాలంటే నాకు చాలా ముందే చెప్పాలి.

ఈ ద్వీపం ఇంత నెమ్మదిగా ఎలా మిగిలింది అని చాలామంది అడుగుతారు. చెప్పులు, జున్ను (చీజ్), ఫ్యాషన్ నగలు చేసి అక్కడివాళ్లు బతకగలిగారు, టూరిజం మీదే ఆధారపడాల్సిన అవసరం పక్క ద్వీపాలంత రాలేదు. 1993లో ద్వీపం మొత్తాన్ని యునెస్కో బయోస్ఫియర్ రిజర్వ్‌గా, అంటే మనుషులు బతుకుతూనే ప్రకృతిని కాపాడుకునే ప్రాంతంగా, ప్రకటించింది. తూర్పున మావో ఊరి నుంచి పడమటన సియుతదెల్లాకి సుమారు 45 కిలోమీటర్లు, ఉన్నది ఒకటే పెద్ద రోడ్డు. అన్నిటికంటే ఎత్తైన కొండ ఎల్ తోరో, 358 మీటర్లు. తీరం చుట్టూ తిరిగే కమీ దె కవాల్స్ అనే పాత గుర్రాల దారి 185 కిలోమీటర్లు. అందులో మీకు నచ్చిన ముక్క నడిస్తే చాలు.

అందుకే ఈసారి రోజువారీ ప్రోగ్రామ్ తీసేశాను. వారానికి తక్కువ ఉండేలా బుకింగ్ కూడా ఇవ్వను. బార్సిలోనా, పక్క ద్వీపాలు ఇబీసా, మయోర్కా కలిపి వారంలో చుట్టేద్దాం అనేవాళ్లకి ఈ ట్రిప్ సరిపడదు, వాళ్లు వేరే ఏజెంట్‌ని చూసుకోవడమే మంచిది. గాలి ఉత్తరం నుంచి వస్తే దక్షిణం బీచ్‌లకి, దక్షిణం నుంచి వస్తే ఉత్తరానికి వెళ్లండి. పొద్దున లేచి ఇంటివాళ్లని అడిగితే వాళ్లే చెప్తారు. నవేతా దెల్స్ తుదోన్స్ అనే వేల ఏళ్లనాటి రాతి సమాధి సియుతదెల్లా దారిలోనే ఉంది, తప్పకుండా ఆగండి. ఆ కాలపు కట్టడాలకి 2023లో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. బినిబెకా వెల్ అనే తెల్లటి ఊరి ఫొటోలు మీరు చూసే ఉంటారు. అది మనుషులు కాపురముండే చోటు. సందర్శకులతో విసిగి 2024లో వాళ్లు చూసే వేళల్ని తగ్గించుకున్నారు. అక్కడికి వెళ్తే గొంతు తగ్గించి తిరగండి, ఎవరి గుమ్మాలూ ఎక్కకండి.

తిండి సంగతి. శాకాహారులు ఈ భాగం జాగ్రత్తగా చదవండి. పొద్దున పెట్టే ఎన్సాయిమాదా అనే చుట్టల రొట్టె చూడ్డానికి మామూలు స్వీట్ బన్‌లా ఉంటుంది. సంప్రదాయంగా దాన్ని పంది కొవ్వుతో చేస్తారు. అక్కడి చతురస్రపు మావో జున్ను చాలా బాగుంటుంది, కానీ పాలు విరగ్గొట్టడానికి కొందరు రెన్నెట్ అని, దూడల లాంటి జంతువుల పొట్టలోంచి తీసే పదార్థం వాడతారు. పట్టింపు ఉన్నవాళ్లు అడిగి తీసుకోండి. భయం లేకుండా తినగలిగేది ఒలియైగ్వా. టమాటా, ఉల్లి, వెల్లుల్లి, పచ్చి క్యాప్సికం ఆలివ్ నూనెలో మగ్గించి నీళ్లు పోసి మరగనివ్వకుండా దించే చారు. కింద రొట్టె ముక్కలు, పక్కన అంజూర పళ్లు. నాకైతే ప్రాణం. మాంసాహారులకి ఫోర్నెల్స్ ఊళ్లో లాబ్‌స్టర్ పులుసు ప్రసిద్ధి, ఖరీదు కూడా ఎక్కువే. మూడో రోజుకి పచ్చడి మెతుకుల మీద మనసు పోయేవాళ్ల కోసం వంటగది ఉన్న అపార్ట్‌మెంట్లు రెండు తీసుకున్నాను. మిగతా గదుల్లో దయచేసి ఇండక్షన్ పొయ్యి పెట్టకండి. పాత ఇళ్లు, ఆ వైరింగ్ తట్టుకోదు.

మనం ఇంతకాలం దిగిన ఒక ఇల్లు వచ్చే ఏడాది నుంచి పెద్దవాళ్లకి మాత్రమే. అక్కడి రూరల్ హోటళ్లలో ఇది మామూలే. పిల్లల కుటుంబాలకి వేరే ఇల్లు చూశాను, కొలను చిన్నది, తోట పెద్దది.

ధర వారానికి మనిషికి సుమారు 140 పౌండ్లు పెరుగుతోంది. గది, కారు అద్దెలు పెరిగినందుకే, నా వాటా పెంచలేదు. రాత్రికింత చొప్పున టూరిస్ట్ పన్ను మీరు హోటల్లోనే కట్టాలి, 16 ఏళ్ల లోపు పిల్లలకి ఉండదు.

ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లకి అసలు టెన్షన్ షెంగెన్ వీసా, అంటే స్పెయిన్‌తో పాటు చాలా యూరప్ దేశాలకి కలిపి ఇచ్చే వీసా. పెద్దవాళ్లకి ఫీజు 90 యూరోలు, ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి అప్లై చేయొచ్చు. స్లాట్, అంటే అప్లికేషన్ ఇవ్వడానికి అపాయింట్‌మెంట్, దొరకడమే కష్టం. ఇండియా నుంచి విజిటర్ వీసా మీద మీ దగ్గరికి వచ్చే అమ్మానాన్నలు మామూలుగా అక్కడే అప్లై చేసుకుని రావాలి, ఇక్కడికి వచ్చాక కుదరదు. అందుకని మీకు స్లాట్ దొరికాకే డిపాజిట్ తీసుకుంటాను. వీసా రాకపోతే నా ఫీజు మొత్తం తిరిగి ఇస్తాను. హోటల్ డబ్బు మాత్రం వాళ్ల నిబంధనల ప్రకారమే వస్తుంది, ఆ నిబంధనలు బుకింగ్‌కి ముందే తెలుగులో రాసి పంపుతాను.

పాత కస్టమర్లకి ఈ నెలాఖరు దాకా మొదటి అవకాశం. కావలసిన వారం, ఎంతమంది, పిల్లల వయసులు, మెట్లెక్కలేని వాళ్లుంటే ఆ సంగతి, ఇవి రాసి పంపండి. ఫోన్ కంటే మెసేజ్ అయితే నాకు సులువు, ఆదివారం సాయంత్రం కూర్చుని అందరికీ జవాబులు ఇస్తాను.